కూసోబెట్టి కొలిచే చాచాగారు

పొద్దున పదకొండు కావస్తోంది. కౌంటర్లో ఒకాయన మామిడిపళ్ళ పెట్టె తూకం దగ్గర నాతో పేచీ పెట్టుకున్నాడు. "పెట్టె బరువు తీసేసి వెయ్యండి మేడమ్" అని ఆయన, "పెట్టెతో సహా విమానం ఎక్కుతుంది కదండీ, పెట్టెతో సహానే తూస్తాం" అని నేను. ఇంతలో ఫోను కుయ్యిమంది. చూస్తే క్వాడ్ రేసుల పిల్లల గ్రూపు. అందులో నేనొక్కదాన్నే అమ్మని. రేసు ఎప్పుడో, ఎన్నింటికి అయిపోతుందో నాకు తెలియాలని పట్టుబట్టి చేరాను.

"చాచా ఇక లేరు" అని పెట్టారు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు, పూల బొమ్మలు. వాటి మధ్యలో ఒకడు రాశాడు: "చాలా మంచోడు. కానీ ఆఖర్ల చెయ్యి తప్పింది. హారికకు స్ప్రింగులు తప్పుగ ఏసింది ఆయనే కద. వయసైపోయింది, పాపం." దానికి ఆరేడుగురు అవునవునన్నారు.

చదవగానే ఒళ్ళు మండింది. మనిషిని ఇంకా మట్టిలో కూడా పెట్టలేదు, అప్పుడే చెయ్యి తప్పిందని రాస్తారా అనుకున్నాను. మరుక్షణం స్టూలు మీద కూలబడ్డాను. ఎందుకంటే హారిక నా కూతురు. ఆ స్ప్రింగులు తప్పయింది చాచాగారి వల్ల కాదు, నా వల్ల. ఈ సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆయన పేరు రాయను. శంషాబాద్‌లో బండ్లవాళ్ళందరికీ ఆయన చాచా, అంతే. నేను మాత్రం చాచాగారూ అనేదాన్ని. మా గుంటూరువాళ్ళం కుక్కపిల్లకి కూడా గారు తగిలిస్తామని మావారే వెక్కిరిస్తారు. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆయన స్పానర్ కింద పెట్టి మరీ నవ్వాడు. "చాచాగారు ఏందమ్మా? చాచా అంటేనే ఇజ్జత్ ఉన్నది. మళ్ళ దాని మీద గారు ఎందుకు, టోపీ మీద టోపీ?" అన్నాడు. అయినా నేను మానలేదు, ఆయనా చివరిదాకా ఆ పిలుపుకి ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

ఆయన షాపు పహాడీ షరీఫ్ నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు వచ్చే దారిలో, విమానాలు దిగే వరసలో ఉండేది. రేకుల షెడ్డు. విమానం నెత్తిమీదికొస్తే అక్కడ ఏ మాటా వినపడదు. మిగతావాళ్ళు గొంతు చించుకుంటారు. చాచాగారు అరిచేవాడు కాదు. చూపుడువేలు పైకెత్తి, నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయేవాడు. విమానం పోయాక ఏ మాట దగ్గర ఆగాడో సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేవాడు. "స్ప్రింగు మె..." అని ఆగితే, నిమిషం తరవాత "...త్తగుంటే లాభం లేదు" అని పూర్తిచేసేవాడు. ఆ నిమిషమంతా ఎదుటివాళ్ళం నోళ్ళు మూసుకుని ఆయన వేలు వైపు చూస్తూ నిలబడాల్సిందే.

మెడలో ఎప్పుడూ టైలర్ల టేపు వేలాడుతుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు లాల్చీ కుడతారా అని అడిగేవాళ్ళు. "కుడ్త. నీ బండిని తోల్కొని రా, నీ కొలతకు దాన్నే కుడ్త" అనేవాడు. నవ్వులాటకి అన్న మాటే అయినా, పనిలో ఆయన చేసేది నిజంగా అదే. క్వాడ్‌కి కొత్త షాకబ్జర్లు బిగించడం ఎవరైనా చేస్తారు, నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు పెట్టడమే. ఆ తరవాత అది ఎక్కే మనిషికి సరిపోయేట్టు చెయ్యడం మాత్రం చాచాగారికే తెలుసని పిల్లలంతా ఆయన దగ్గరికి పరిగెత్తేవాళ్ళు.

క్వాడ్ అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. నాలుగు చక్రాలుంటాయి, కారు కాదు. హ్యాండిల్ ఉంటుంది, మోటార్ సైకిల్ కాదు. పైకప్పు లేదు, తలుపు లేదు, బుద్ధి అంతకన్నా లేదు. మట్టి దిబ్బల మీదికి ఎగిరి దూకడం దాని పని. నా కూతురు ఇంజినీరింగు చదువుతూ సెలవుల్లో ఒక అడ్వెంచర్ పార్కులో పని చేసింది. వచ్చినవాళ్ళని క్వాడ్ల మీద తిప్పడం అక్కడ దాని ఉద్యోగం. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. చివరికి రేసులాడే క్వాడ్ ఒకటి సెకండ్ హ్యాండులో కొని బడంగ్‌పేట్‌లో మా ఇంటి ముందు పెట్టింది. ఎదురింటావిడ వచ్చి "పొలం దున్నడానికా వదినా?" అని అడిగింది. తల కొట్టేసినట్టయింది నాకు.

చాచాగారి పద్ధతికి ఒకటే సూత్రం. మనిషిని కూసోబెట్టందే బండి ఇవ్వడు. హెల్మెట్, బూట్లు, ఛాతీ కవచం అన్నీ తొడుక్కుని రావాలి. ముందు బండిని జాకీ మీద గాలిలోకి లేపి, ముందు బంపర్ నుంచి చక్రం ఇరుసుదాకా టేపుతో కొలుస్తాడు. తరవాత కిందికి దించి మనిషిని ఎక్కిస్తాడు. "మూడుసార్లు ఎగురు. చాలు. ఇగ కూసో. ఊపిరి ఇడువు." మళ్ళీ కొలుస్తాడు. మనిషి కూర్చుంటే బండి ఎంత కుంగింది అన్నదే లెక్క. ఎక్కువ కుంగితే స్ప్రింగు చాలదు, తక్కువ కుంగితే స్ప్రింగు ఎక్కువ. దాన్ని బట్టి స్ప్రింగు మీదున్న రింగు తిప్పుతాడు, మళ్ళీ కూసోబెడతాడు, మళ్ళీ కొలుస్తాడు. ఒక్కొక్కరిని అరడజను సార్లు ఎక్కించి దించేవాడు. పిల్లలు విసుక్కుంటే ఆయన అంతకన్నా విసుక్కునేవాడు.

కూర్చున్నవాళ్ళలో చాలామంది పొట్ట లోపలికి పీల్చి బిగబట్టేవాళ్ళు. ఆయన పొట్ట మీద వేలితో పొడిచి, "పేట్ అందర్ గుంజితే కిలోలు తగ్గయి బాబూ, ఫోటో కాదిది" అనేవాడు. ఎవర్నీ బరువెంత అని అడిగేవాడు కాదు. ఎందుకు అడగరని నేనొకసారి అంటే, "అడిగితే మగపిల్లలు నాలుగు ఎక్కువ చెప్తరు, ఆడపిల్లలు నాలుగు తక్కువ చెప్తరు. ఎందుకు వాళ్ళతోని అబద్ధం ఆడిపిచ్చాలె? కూసోబెడితే బండే చెప్తది" అన్నాడు. అలాంటివాళ్ళు మా ఆఫీసుకి ఎంతమంది వస్తారో అని నేను కూడా నవ్వాను. ఎయిర్ కార్గోలో పార్సిళ్ళు తూచే కౌంటరు నాది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. పది కిలోలని రాసి తెచ్చిన పెట్టె పన్నెండు తూగితే నా కంటికి ముందే తెలుస్తుంది. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి చాచాగారు నన్ను తూకమమ్మా అని పిలిచేవాడు. ఆయన నోట ఆ పిలుపు వింటే నాకు ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినంత గర్వంగా ఉండేది.

ఇక నా నిర్వాకం చెప్పుకోవాలి.

రెండేళ్ళ కిందట హారికకి విదేశం నుంచి కొత్త షాకబ్జర్లొచ్చాయి. ముందుకి రెండు, వెనక్కి ఒకటి. పెట్టెలో రెండు రకాల స్ప్రింగులు పెట్టి పంపారు, మెత్తవి ఒక సెట్టు, గట్టివి ఒక సెట్టు. తేలికైన మనిషికి మెత్తవి, బరువైన మనిషికి గట్టివి. ఆదివారం తుక్కుగూడ అవతల మట్టి గ్రౌండ్‌లో రేసు. హారికకేమో శుక్రవారం దాకా పరీక్షలు. "నువ్వే తీసుకెళ్ళి పెట్టించవే అమ్మా, ప్లీజ్" అని కాళ్ళావేళ్ళా పడింది. ట్రాలీ ఆటోలో క్వాడ్ ఎక్కించుకుని, డ్రైవర్ పక్కన షాకబ్జర్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని శంషాబాద్ వెళ్ళాను. దాన్ని చూసి నవ్వినవాళ్ళు నవ్వారు.

"బిడ్డ ఏది?" అన్నాడు చాచాగారు.

"పరీక్షలండీ. నేను రాలేదా?"

"నువ్వు వస్తే ఏమొస్తది తూకమమ్మా? బండి తోలేది నువ్వా? బిడ్డ లేకుండ నేను చెయ్య."

బతిమాలాను. ఆదివారం రేసన్నాను, పిల్ల మనసు విరిగిపోతుందన్నాను. చాలాసేపు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ, "సరే, నువ్వు తూకం మనిషివి. వేరేవాళ్ళయితే నమ్మకపోతుంటి. బిడ్డ బరువెంత చెప్పు, నీ మాట మీద ఏస్త" అన్నాడు.

"యాభై నాలుగు" అన్నాను.

అసలు బరువు అరవై రెండు. అనుకుని ఆడిన అబద్ధం కూడా కాదది. సంబంధాలు చూసేవాళ్ళకి ఆర్నెల్లుగా ఆ అంకె చెప్పీ చెప్పీ నాలికకి అలవాటైపోయింది. పిల్ల పుష్టిగా ఉందని ముందే తెలిస్తే ఫోటో కూడా చూడరని నా భయం. హారిక ఒకరోజు ఫోన్‌లో నా మాట వినేసి ఇంతెత్తున లేచింది. "నేను నీ పార్సిల్‌ని కాను, ఇష్టమొచ్చిన బరువు రాసుకోవడానికి. ఇంకొక్కసారి నా గురించి ఇలా అబద్ధం చెప్పావంటే హాస్టల్‌కి పోతాను, ఆ తరవాత నీతో మాటల్లేవు" అంది. అంది అంటే చేసే రకం అది. అప్పటికి నెల కూడా కాలేదు.

నాలిక జారిన మాట వెంటనే దిద్దుకోవచ్చు. కానీ షెడ్డులో ఇంకా ఇద్దరు రేసు పిల్లలున్నారు, ఇటే చూస్తున్నారు. వాళ్ళ ముందు "కాదు కాదు, అరవై రెండు" అనడానికి నోరు రాలేదు. ఎనిమిది కిలోలకి కొంపలేం మునుగుతాయిలే అనుకున్నాను. ఆఫీసులో ఎనిమిది వందల గ్రాములు తేడా వస్తే పెట్టె వెనక్కి తోసే మనిషిని నేను.

చాచాగారు నా మాట నమ్మాడు. నమ్మి కూడా ఊరికే బిగించి పంపలేదు. పక్క కిరాణా షాపులోంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు తెప్పించి సీటు మీద పెట్టాడు. వాటి మీద నాలుగు కిలోల ఇనప సామాను మూట. ఆ పైన నేను తెచ్చిన హారిక హెల్మెట్, బూట్లు, కవచం కట్టాడు. బస్తాకి హెల్మెట్ పెట్టాక చూస్తే నవ్వాగలేదు నాకు. "కోడలు పిల్ల బాగుందండీ" అన్నాను. "మాట్లాడదు, అత్తకు మంచిది" అన్నాడు. మూడుసార్లు తానే సీటు నొక్కి ఎగిరించి, టేపు పెట్టి కొలిచి, రింగు తిప్పి, మళ్ళీ కొలిచాడు. ఆ బియ్యం బస్తాకి సరిగ్గా, పిసరు తేడా లేకుండా సరిపెట్టాడు. మెత్త స్ప్రింగులే వేశాడు.

వెళ్ళేటప్పుడు ఒకటే మాట అన్నాడు. "రేసుకు ముందల బిడ్డను ఒక్కసారి తీసుకరా. ఐదు నిమిషాలు కూసోబెడ్త."

ఆ మాట నేను హారికకి చెప్పలేదు. మర్చిపోలేదు. కూర్చుంటే బయటపడుతుందని చెప్పలేదు. ఇది రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

శనివారం హారిక అటూ ఇటూ నడిపి చూసి "దిండు మీద కూర్చున్నట్టుందమ్మా" అని మురిసిపోయింది. ఆదివారం రెండో రౌండులో పెద్ద దిబ్బ మీంచి దూకింది. కిందపడేటప్పుడు బండి ముందుభాగం పూర్తిగా నేలకి కూలబడి, హ్యాండిల్ ఎదురు తన్ని, నా కూతురు పక్కకి ఎగిరిపడింది. తాడు బయట నిలబడి చూస్తున్నాను నేను. ఎడంచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. తలకేమీ కాలేదు. ఆ రోజు నేను మొక్కని దేవుడు లేడు.

మర్నాడు హారికని వాళ్ళ నాన్నకి అప్పగించి, చాచాగారి దగ్గరికి వెళ్ళాను. క్వాడ్‌ని రేసు పిల్లలు అప్పటికే అక్కడ దించి పోయారు. ఆయన ముందుచక్రం ఊడదీసి కింద చతికిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముందు బిడ్డ ఎట్లున్నదని అడిగాడు. కట్టు వేశారు, ఆరు వారాలన్నారు అన్నాను. తల పంకించి షాకబ్జర్ వైపు చూపించాడు.

"ఈ రాడ్ మీద సన్న రబ్బర్ రింగున్నది, చూసినవా? షాకబ్జర్ ఎంతదాక నలిగితే ఇది అంతదాక జరుగుతది. గిప్పుడు ఏడున్నది చూడు. మొత్తం పైకి పోయింది. అంటే ఆగకుండ కూలబడ్డది. నేను పెట్టిన బరువుకు గిట్ల కావద్దు." ఆ రింగుని వేలితో కిందికి జరుపుతూ, నావైపు తిరక్కుండానే అడిగాడు. "తూకమమ్మా, బిడ్డ బరువెంత?"

"అరవై రెండు" అన్నాను.

విమానం వచ్చింది. అలవాటుగా వేలెత్తాడు. ఆ వేలు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు నన్ను ఏం అంటాడో, అన్నీ పడాలి అనుకున్నాను. విమానం పోయింది. వేలు దించాడు కానీ ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. చివరికి, "మనిషిని కూసోబెట్టకుండ బండి ఇచ్చిన. ఇరవై ఏండ్లల్ల ఎన్నడు చెయ్యలె. గల్తీ నాదే" అన్నాడు.

"కాదండీ..." అని నేనేదో అనబోయేలోపు ఆయన ఫోను మోగింది. హారిక. చేతులు జిడ్డుగా ఉన్నాయని స్పీకర్ నొక్కాడు.

"చాచా, ఏమైంది నా షాకబ్జర్లకి? చూశారా?"

ఆయన నా మొహం వైపు చూశాడు. నేను చెప్తానేమోనని ఆగాడు. కావాలనే ఆగాడు, నాకు బాగా తెలుసు. "చాచా, వినిపిస్తోందా?" అని హారిక రెండుసార్లు అడిగేదాకా ఆగాడు. నేను తల దించుకుని గచ్చు మీద నూనె మరక చూస్తూ నిలబడ్డాను. హాస్టల్‌కి పోతానన్న మాటే చెవిలో మోగుతోంది.

"ఇనపడ్తున్నది బిడ్డా" అన్నాడు. "నాదే గల్తీ. గట్టియి ఎయ్యవలసింది, మెత్తయి ఏసిన."

అటు హారిక ఫోన్ పెట్టేసింది. ఆయన లేచి చేతులు కడుక్కుని, నాకు చాయ్ చెప్పాడు. ఆ చాయ్ ఎలా తాగానో నాకే తెలీదు. వచ్చేస్తుంటే గుమ్మందాకా వచ్చి మెల్లగా అన్నాడు. "ఎప్పుడన్న ఒకనాడు నువ్వే చెప్పాలె అమ్మా. తల్లీబిడ్డల నడుమ ముచ్చట, నేను చెప్పేది కాదు. జల్ది లేదు."

నేను ఆ చివరి మాట పట్టుకున్నాను. తొందర లేదన్నాడు కదా. రెండేళ్ళు తొందరపడలేదు.

హారిక చెయ్యి అతుక్కుంది. క్వాడ్‌ని ఊళ్ళో ఇంకెవరి దగ్గరికో మార్చింది. నేనెందుకని అడగలేదు, అడిగితే మాట ఎక్కడికి పోతుందోనని. ఆఫీసుకి వెళ్ళే దారే కాబట్టి చాచాగారు అప్పుడప్పుడు కనిపించేవాడు. "బిడ్డ మంచిగున్నదా?" అని మాత్రం అడిగేవాడు. చెప్పినవా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగడులే అని నేను హాయిగా ఉండాల్సింది పోయి, అడగనందుకే ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆఖరిసారి ఈ మధ్యే చూశాను. బయట ఎండలో ఎవరిదో స్కూటర్ టైరుకి పంక్చర్ వేస్తున్నాడు. షెడ్డులో ఒక్క క్వాడ్ కూడా లేదు.

"ఇదేంటి చాచాగారూ, మీ రేసు పిల్లలెవరూ రావట్లేదా?" అన్నాను.

"ఇగ చాతనైతలేదమ్మా" అన్నాడు నవ్వుతూ. ముసలితనం అనుకుని నమ్మేశాను. నమ్మడం నాకు తేలికగా ఉంది మరి.

ఆయన పోయిన మర్నాడు పరామర్శకి హారికా నేనూ బయల్దేరాం. హారిక స్కూటర్ నడుపుతోంది, నేను వెనక కూర్చున్నాను. దాని మొహం కనపడకపోతేనే చెప్పగలనేమో అనిపించింది. తుక్కుగూడ దాటాక సర్వీసు రోడ్డు మీద, హెల్మెట్ పక్కన నోరు పెట్టి చెప్పేశాను. యాభై నాలుగు అన్నది నేనని, బస్తాలు పెట్టి తూచాడని, రేసుకు ముందు తీసుకురమ్మంటే నేనే చెప్పలేదని, ఫోన్లో మాట్లాడినప్పుడు పక్కనే ఉన్నానని.

స్కూటర్ పక్కకి ఆపింది. హెల్మెట్ తీసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేను ఆయన్ని ఏమన్నానో నీకు తెలుసా?" అంది.

"ఏమన్నావే?"

"చేతికి కట్టు ఉండగానే వెళ్ళాను. షెడ్డునిండా మనుషులున్నారు. అందరి ముందూ అన్నాను. 'కళ్ళు కనపడకపోతే పంక్చర్లు వేసుకోండి చాచా, మా ప్రాణాల మీదికి తేకండి' అన్నాను."

"ఆయనేమన్నాడే?"

"'సరే బిడ్డా' అన్నాడు."

నాకు ఎండలో స్కూటర్ టైరు ముందు కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనిపించాడు. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాను. హారిక నన్ను ఓదార్చలేదు. నా పక్కన కూర్చోనూ లేదు. ఏడుపయ్యేదాకా స్కూటర్ దగ్గరే నిలబడి, "ఎక్కు" అంది. ఇది రాస్తున్న ఈ రోజుకి కూడా అది నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు, దాని తప్పేం లేదు.

చాచాగారి ఇల్లు షాపు వెనక సందులోనే. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలేసి ఉన్నాయి. రేసు పిల్లలు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. గుమ్మానికి పరదా. లోపల చాచీ తెల్ల దుపట్టా కప్పుకుని చాప మీద ఉంది. నేను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నాలుగు ముక్కలు పరామర్శ మాటలు మాట్లాడి లేచిపోవచ్చు. హారిక గోడకి ఆనుకుని నా వైపే చూస్తోంది. చెప్పాను. మొత్తం చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా.

చాచీ నా మొహంలోకి చూసింది. కోపం కాదది. లెక్క తప్పిపోయినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది.

"అయితే ఆయన కండ్లు మంచిగనే ఉండెనా?" అంది.

"బాగానే ఉన్నాయమ్మా."

"దవాఖానల డాక్టర్ గూడ మంచిగున్నయి అన్నడు. మేమే నమ్మలే. ఇంకో దవాఖానకు తీస్కపోయినం. ఆడ గూడ గదే అన్నరు. నా కొడుకు డాక్టర్లనే తిట్టిండు." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెయ్యి గూడ మంచిగనే ఉండెనా అమ్మా? ఆఖరి దాక?"

"ఉందమ్మా. ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. తప్పింది నా నోరు."

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. తిడుతుందేమో, లేచి పొమ్మంటుందేమో అనుకున్నాను. పరదా వైపు చూపించింది.

"బయట పోరగాళ్ళు కూసున్నరు. అందరు ఆయన చెయ్యి పోయిందనే అనుకుంటున్నరు. నేను ఇద్దత్‌ల ఉన్న, మొగడు పోయినంక నాలుగు నెలలు బయటికి రావద్దు. లేకుంటే నేనే పోయి చెప్తుంటి. నువ్వు పోయి చెప్పు."

లేచాను. పరదా తప్పించుకుని బయటికి వచ్చి, కుర్చీల ముందు నిలబడ్డాను. పిల్లలు మాటలాపి చూశారు. హారిక నా వెనకే వచ్చి పక్కన నిలబడింది. చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడటం లేదు. ఎలాగో చెప్పి ముగించాను. నిన్న మెసేజ్ పెట్టినవాడు వాళ్ళలో ఎవడో నాకు తెలీదు, అందరూ తల దించుకుని ఉన్నారు.

పరదా వెనకనుంచి చాచీ గొంతు వచ్చింది.

"చెప్పినవా అమ్మా?"

"చెప్పానమ్మా."

"నాకు ఇనపడలే. జర గట్టిగ చెప్పు, గల్లీ అంతా ఇనాలె."

గట్టిగా చెప్పాను.